విండోస్ మారాక పాత ఫైళ్లు: సర్దడం మూడో పని

కొత్త విండోస్ ఎక్కగానే చాలామంది మొదలుపెట్టే పని డెస్క్‌టాప్ శుభ్రం చేయడం. అక్కర్లేదనిపించిన ఫోల్డర్లు తీసేస్తారు, పేరు అర్థం కానివి రీసైకిల్ బిన్‌లో పడేస్తారు, "డిస్క్ నిండింది" అన్న హెచ్చరిక కనిపిస్తే క్లీనప్ నొక్కేస్తారు. పాత ఫైళ్లు శాశ్వతంగా పోయేది ఎక్కువగా అప్పుడే. అప్‌గ్రేడ్ వల్ల పోయేవాటికన్నా, ఆ తర్వాతి వారంలో సర్దుతూ పోగొట్టుకునేవే ఎక్కువ బాధపెడతాయి, ఎందుకంటే వాటిని మన చేతులతోనే తీసేస్తాం.

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు సపోర్టు ముగిసింది. ఇళ్లలో, ఆడిటర్ల ఆఫీసుల్లో, హైదరాబాద్‌లో చిక్కడపల్లి, నల్లకుంట వైపు డీటీపీ సెంటర్లలో ఏళ్ల తరబడి ముట్టుకోని కంప్యూటర్లు కూడా మారక తప్పని పరిస్థితి వచ్చింది. కొందరు ఉన్న మెషీన్ మీదే విండోస్ 11 ఎక్కించుకుంటారు. కొందరు సికింద్రాబాద్ సీటీసీలోని కంప్యూటర్ షాపులకు వెళ్లి ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని కొత్తరకం డిస్క్) వేయించి, పాత హార్డ్ డిస్క్‌ను సంచిలో వేసుకుని తిరిగొస్తారు. ఎలా మార్చినా పని వరుస ఒకటే. మొదట ఉన్నదంతా ఉన్నట్టే బయటికి తీసుకోవాలి. తర్వాత, తీసినవి తెరుచుకుంటున్నాయో లేదో, చదవడానికి వస్తున్నాయో లేదో చూడాలి. సర్దడం మూడో పని. తెలుగు ఫైళ్లకు ఆ రెండో మెట్టు దగ్గరే చిక్కు వస్తుంది: ఫైలు భద్రంగానే ఉంటుంది, అందులోని అక్షరం మాత్రం కనబడదు.

విండోస్ ఓల్డ్ ఫోల్డర్ గడువు

విండోస్ ఏ పద్ధతిలో మారిందో ముందు తెలియాలి. నడుస్తున్న విండోస్ 10 మీద నుంచే అప్‌గ్రేడ్ చేసి, ఫైళ్లూ యాప్‌లూ ఉంచమని ఎంచుకుంటే డాక్యుమెంట్లు, ఫొటోలు, చాలా ప్రోగ్రాములు ఉన్నచోటే ఉంటాయి. పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, పాత పార్టిషన్‌ను ఫార్మాట్ చేయకుండా దాని మీదే ఇన్‌స్టాల్ చేస్తే పాత విండోస్, ప్రోగ్రామ్ ఫైల్స్, యూజర్స్ ఫోల్డర్లు సి డ్రైవ్‌లోనే 'విండోస్ డాట్ ఓల్డ్' అనే ఫోల్డర్‌లోకి వెళ్తాయి. ఫార్మాట్ చేసి ఇన్‌స్టాల్ చేస్తే సి డ్రైవ్‌లో పాతదేమీ మిగలదు. డి, ఇ పార్టిషన్లలో ఉన్నవి అలాగే ఉంటాయి. ఈ మూడు పనులనూ మన దగ్గర ఒకే మాటతో "ఫార్మాట్ కొట్టాం" అనేస్తారు. అందుకే ఆ మాట మీద ఆధారపడకుండా సి డ్రైవ్ తెరిచి, ఆ ఫోల్డర్ ఉందో లేదో స్వయంగా చూసుకోవాలి.

ఆ ఫోల్డర్‌కు ఆయుష్షు 10 రోజులు. గడువు దాటాక విండోస్ దాన్ని తనంతట తానే తొలగిస్తుంది, అడగదు. పాత విండోస్‌కు తిరిగి వెళ్లే గడువును 60 రోజుల దాకా పొడిగించే డిస్మ్ కమాండ్ ఒకటుంది. 2 నుంచి 60 మధ్య ఏ అంకె ఇచ్చినా తీసుకుంటుంది, కానీ 10 రోజులు గడవక ముందే ఇవ్వాలి. అది మంచి వెసులుబాటే, అయినా కాపీకి ప్రత్యామ్నాయం కాదు. మొదటి రోజే కాపీ చేసేస్తే ఈ గడువుల లెక్కే అక్కర్లేదు.

ఈ ఫోల్డర్‌ను ముందే పోగొట్టే దారి కూడా ఒకటుంది. సెట్టింగ్స్‌లో స్టోరేజ్, అందులో టెంపరరీ ఫైల్స్ తెరిస్తే 'ప్రీవియస్ విండోస్ ఇన్‌స్టాలేషన్' అన్న వరుస కనిపిస్తుంది. పక్కన 15 జీబీ, 25 జీబీ అని పెద్ద అంకె ఉండటంతో టిక్ పెట్టాలనిపిస్తుంది. కాపీ పూర్తయ్యేదాకా దాని జోలికి వెళ్లకూడదు. ఆ జాబితాలోనే డౌన్‌లోడ్స్ కూడా ఒక వరుసగా ఉంటుంది. మీసేవలో తీసుకున్న సర్టిఫికెట్లు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, హాల్‌టికెట్లు చాలా ఇళ్లలో ఉండేది డౌన్‌లోడ్స్‌లోనే. అవి టెంపరరీ ఎలా అవుతాయి?

ఎస్‌ఎస్‌డీలో తొలగించినది రికవరీ సాఫ్ట్‌వేర్‌తో తిరిగి వస్తుందన్న ఆశ పెట్టుకోకూడదు. ఫైలు తొలగగానే విండోస్ 'ట్రిమ్' అనే ఆదేశం పంపుతుంది, ఆ స్థలాన్ని ఎస్‌ఎస్‌డీ తనకు వీలైనప్పుడు చెరిపేసుకుంటుంది. పాతకాలపు తిరిగే హార్డ్ డిస్క్‌లో, మీద ఇంకేమీ రాయకపోతే, కొంతైనా దక్కేది.

బయటికి తీయడం

కాపీకి కావలసింది ఒక ఎక్స్‌టర్నల్ డిస్క్, పాత డేటా మొత్తానికి కనీసం ఒకటిన్నర రెట్లు ఖాళీతో. ఆ డిస్క్ ఏ ఫార్మాట్‌లో ఉందో చూడాలి. పాత పెన్‌డ్రైవ్‌లు, కొన్ని పాత డిస్క్‌లు ఫ్యాట్32లో ఉంటాయి, అందులో 4 జీబీ దాటిన ఒక్క ఫైలు కూడా పట్టదు. పెళ్లి వీడియో దగ్గర కాపీ ఆగిపోయి, "డిస్క్‌లో చోటుంది కదా" అని తలపట్టుకునేది ఇందుకే. ఎన్‌టీఎఫ్‌ఎస్ గానీ ఎక్స్‌ఫ్యాట్ గానీ ఉండాలి. సమయం విషయానికొస్తే యూఎస్‌బీ 2 పోర్టులో సెకనుకు 30 ఎంబీ చొప్పున 200 జీబీకి సుమారు రెండు గంటలు పడుతుంది. యూఎస్‌బీ 3 పోర్టులో మామూలు హార్డ్ డిస్క్‌కు అరగంట, ముప్పావుగంట. చిన్న చిన్న ఫైళ్లు వేలల్లో ఉంటే ఈ లెక్క ఎంతో పెరుగుతుంది. డెస్క్‌టాప్ కంప్యూటర్‌కి యూపీఎస్ లేకపోతే కరెంటు నిలకడగా ఉండే వేళ చూసుకుని మొదలుపెట్టడం మేలు.

పాత హార్డ్ డిస్క్‌ను బయటికి తీసి ఉంటే, ల్యాప్‌టాప్‌లోని 2.5 అంగుళాల డిస్క్‌కు మామూలు యూఎస్‌బీ ఎన్‌క్లోజర్ (డిస్క్‌ను లోపల పెట్టి కంప్యూటర్‌కు తగిలించే డబ్బా) సరిపోతుంది. డెస్క్‌టాప్‌లోని 3.5 అంగుళాల డిస్క్‌కు 12 వోల్టుల అడాప్టర్ ఉన్న డాక్ కావాలి, యూఎస్‌బీ కేబుల్ ఇచ్చే 5 వోల్టులతో అది తిరగదు. తగిలించాక టక్ టక్ మని చప్పుడు వస్తే వెంటనే తీసేయాలి, మళ్లీ మళ్లీ ప్రయత్నించిన కొద్దీ దెబ్బ పెరుగుతుంది. చప్పుడు లేకపోయినా, క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో లాంటి ఉచిత ప్రోగ్రాములో చూసినప్పుడు 'రీఅలొకేటెడ్ సెక్టర్స్', 'పెండింగ్ సెక్టర్స్' వరుసల్లో సున్నా కాకుండా ఇంకేదైనా ఉంటే ఆ డిస్క్‌కు రోజులు దగ్గరపడ్డాయనే అనుకోవాలి. అలాంటప్పుడు అన్నిటికన్నా ముందు, మళ్లీ దొరకనివి తీసుకోవాలి: ఫొటోలు, స్కాన్లు, సొంత రాతలు. సినిమాలూ సెటప్ ఫైళ్లూ ఎక్కడైనా దొరుకుతాయి.

పాత యూజర్ ఫోల్డర్ తెరవబోతే "మీకు అనుమతి లేదు" అని వస్తుంది. పాత విండోస్‌లోని యూజర్, కొత్త విండోస్‌లోని యూజర్ పేరొకటే అయినా లోపలి గుర్తింపు సంఖ్య వేరు కాబట్టి అలా జరుగుతుంది. అడ్మినిస్ట్రేటర్ అకౌంట్‌లో ఉంటే కంటిన్యూ నొక్కితే చాలాసార్లు తెరుచుకుంటుంది. కాసేపు పచ్చగీత నడుస్తుంది, ఓపిక పట్టాలి.

ఎక్స్‌ప్లోరర్‌లో కాపీ-పేస్ట్ చేయడం కన్నా విండోస్‌లోనే ఉన్న రోబోకాపీ కమాండ్ నయం. ఎక్స్‌ప్లోరర్ ఫోల్డర్ల పాత తేదీలను నిలపదు. కమాండ్ పక్కన నాలుగైదు స్విచ్‌లు చాలు: లోపలి ఫోల్డర్లన్నీ రావడానికి 'ఈ', ఫోల్డర్ల తేదీలు నిలవడానికి 'డీకాపీ టీ', జంక్షన్లను వదిలేయడానికి 'ఎక్స్‌జే', చదవలేని ఫైలు దగ్గర ఆగిపోకుండా 'ఆర్ 1, డబ్ల్యూ 1'. చివరి రెండూ ఇవ్వకపోతే, పాడైన ఒక్క ఫైలు దగ్గర 30 సెకన్లకోసారి చొప్పున పది లక్షల సార్లు ప్రయత్నించడం రోబోకాపీ అలవాటు. రాత్రి పెట్టి పడుకుంటే తెల్లారినా అక్కడే ఉంటుంది. ఇక జంక్షన్లంటే, యూజర్ ఫోల్డర్ లోపల 'అప్లికేషన్ డేటా' లాంటి పేర్లతో ఉండే దారిమళ్లింపులు. కొన్ని తిరిగి తమను తామే చూపిస్తాయి. వాటిని వదలకపోతే కాపీ ఒకే ఫోల్డర్‌లోకి మళ్లీ మళ్లీ దిగుతూ అంతులేకుండా సాగుతుంది.

డాక్యుమెంట్స్, డెస్క్‌టాప్, పిక్చర్స్ ఎవరికైనా గుర్తుంటాయి. మరిచిపోయేవి వేరే ఉన్నాయి. యాప్‌డేటా అనే దాచిన ఫోల్డర్ అందులో మొదటిది. స్టికీ నోట్స్‌లో రాసుకున్న ఫోన్ నంబర్లు, బ్రౌజర్ బుక్‌మార్కులు, పాత ఔట్‌లుక్ మెయిళ్ల పీఎస్‌టీ ఫైళ్లు చాలావరకు అక్కడే ఉంటాయి. క్రోమ్‌లో దాచిన పాస్‌వర్డ్‌లు మాత్రం ఫోల్డర్ కాపీ చేస్తే రావు, పాత విండోస్ అకౌంట్‌తో ముడిపెట్టి ఎన్‌క్రిప్ట్ చేసి, అంటే తాళం వేసినట్టు, ఉంటాయి. వాటిని పాత విండోస్ నడుస్తుండగానే ఎక్స్‌పోర్ట్ చేసుకోవాలి.

రెండోది లెక్కల ప్రోగ్రాము టాలీ. డేటా చాలాచోట్ల యూజర్స్‌లోని పబ్లిక్ ఫోల్డర్ లోపల ఉంటుంది, లేదంటే ఇన్‌స్టాల్ చేసినవాళ్లు పెట్టినచోట. కంపెనీ పేరు ఫోల్డర్‌కు ఉండదు. 10000, 10001 అని ఐదంకెల సంఖ్య ఉంటుంది, లోపల అర్థంకాని పేర్లతో వందల ఫైళ్లు. తెలియనివాళ్లకు అది చెత్తలా కనిపిస్తుంది. నిజానికి అది ఒక కిరాణా దుకాణం పదేళ్ల లెక్క. ఆ సంఖ్య మార్చకుండా, లోపలి ఒక్క ఫైలు కూడా అటూఇటూ చేయకుండా, మొత్తం ఫోల్డర్‌ను అలాగే తీసుకోవాలి.

మూడోది వన్‌డ్రైవ్, ఇంటర్నెట్‌లో ఫైళ్లు దాచుకోవడానికి మైక్రోసాఫ్ట్ ఇచ్చే చోటు. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో కొత్త విండోస్ మొదలుపెడితే డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, పిక్చర్స్ ఫోల్డర్లు వన్‌డ్రైవ్ కిందికి మారిపోయి ఉండవచ్చు. ఉచితంగా వచ్చేది 5 జీబీ. పాత డాక్యుమెంట్స్ 40 జీబీ తెచ్చి అందులో వేస్తే వన్‌డ్రైవ్ నిండిపోయి, సింక్ మధ్యలో ఆగి, ఏది ఎక్కిందో ఏది ఎక్కలేదో తెలియని స్థితి వస్తుంది. ఇక ఫైలు పక్కన నీలి మేఘం గుర్తు ఉంటే అది ఈ కంప్యూటర్‌లో లేదనే అర్థం, పేరు మాత్రమే ఉంది. పాత డిస్క్‌ను వేరే కంప్యూటర్‌కు తగిలించి అలాంటివి కాపీ చేద్దామంటే ఏమీ రాదు. పాత ఫైళ్లను సర్దే పని పూర్తయ్యేదాకా వన్‌డ్రైవ్ ఫోల్డర్ బ్యాకప్ ఆపి ఉంచడమే మంచిది.

డిస్క్ ఎన్‌క్రిప్షన్ గురించి రెండు మాటలు. విండోస్ 11 కొత్త వెర్షన్లలో తాజాగా ఇన్‌స్టాల్ చేసి మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో ప్రవేశిస్తే డ్రైవ్ తనంతట తానే ఎన్‌క్రిప్ట్ కావచ్చు. 48 అంకెల రికవరీ కీ ఆ అకౌంట్‌లో ఉంటుంది. అకౌంట్ షాపులో ఎవరిదో మెయిల్‌తో తెరిచి ఉంటే కీ వాళ్ల దగ్గరే ఉన్నట్టు. కీని కాగితం మీద రాసి బీరువాలో పెట్టాలి.

ఫైలు ఉంది, అక్షరం లేదు

బయటికి తీసిన ఫైళ్లలో ఒక పాత వర్డ్ ఫైలు తెరిచి చూద్దాం. 2006లో కొట్టించిన శుభలేఖ మ్యాటర్. తెరమీద ఇంగ్లిషు అక్షరాలు, డాలరు గుర్తులు, చుక్కలు గీతలు పెట్టిన యూరపు అక్షరాలు కలగలిసి కనిపిస్తాయి. "వైరస్ వచ్చింది, పాడైపోయింది" అనుకుని తొలగించేవారున్నారు. ఆ ఫైలుకేమీ కాలేదు. ఫాంటు లేదు, అంతే.

కారణం తెలిస్తే భయం పోతుంది. అన్ని భాషల అక్షరాలకూ విడివిడి సంకేతాలు ఇచ్చే యూనికోడ్ ప్రమాణంలో తెలుగుకు 1991 నాటి తొలి వెర్షన్ నుంచే చోటుంది. విండోస్‌లో మాత్రం 2001లో ఎక్స్‌పీతో, గౌతమి ఫాంటుతో వచ్చింది. తెలుగు డీటీపీ అంతకు ముందే అను స్క్రిప్ట్ మేనేజర్ అనే తెలుగు టైపింగ్ ప్రోగ్రాము మీద, పేజీలు అమర్చే పేజ్‌మేకర్ మీద స్థిరపడిపోయింది. పేజ్‌మేకర్‌కు యూనికోడ్ తెలుగును చూపించే శక్తి ఎప్పుడూ రాలేదు, కాబట్టి యూనికోడ్ వచ్చాక కూడా ప్రెస్ పని ఏళ్ల తరబడి పాత ఫాంట్లలోనే నడిచింది. ఆ ఫాంట్లు 'క' అనే అక్షరాన్ని 'క'గా దాచవు. తలకట్టు, గుడి, కొమ్ము, వత్తు, అక్షరం ఒళ్లు ముక్కలు ముక్కలుగా ఇంగ్లిషు అక్షరాల స్థానాల్లో కూర్చుంటాయి. ఫాంటు ఉన్నంతసేపూ అవి తెలుగులా కనిపిస్తాయి. ఫాంటు పోతే వెనకున్న ఇంగ్లిషు గుర్తులు బయటపడతాయి. కంప్యూటర్‌కు మాత్రం అవి మొదటి నుంచీ ఇంగ్లిషు గుర్తులే, అందుకే ఇలాంటి ఫైలులో తెలుగు పదం టైప్ చేసి వెతికితే ఎన్నడూ దొరకదు.

వర్డ్‌లో ఆ పిచ్చి అక్షరాల మీద కర్సర్ పెడితే పైన ఫాంటు పెట్టెలో అసలు ఫాంటు పేరు కనిపిస్తుంది: అనుపమ, ప్రియాంక లాంటివి. ఫాంటు లేకపోయినా పేరును ఫైలు మరచిపోదు. ఆప్షన్స్‌లో అడ్వాన్స్‌డ్ కింద 'ఫాంట్ సబ్‌స్టిట్యూషన్' తెరిస్తే ఆ ఫైలుకు ఏయే ఫాంట్లు తక్కువయ్యాయో జాబితా కూడా వస్తుంది. ఆ ఫాంట్లు ఎక్కడున్నాయి? పాత విండోస్ ఫోల్డర్‌లోని ఫాంట్స్ ఫోల్డర్‌లో. అంటే విండోస్ ఓల్డ్ లోపల. 10 రోజుల తర్వాత ఫైళ్లతో పాటు పోయేవాటిలో ఇవీ ఉంటాయి, డాక్యుమెంట్లు మాత్రమే కాపీ చేసుకున్నవాళ్లు దెబ్బతినేది ఇక్కడే. విండోస్ 10 వాడిన కాలంలో ఒక్క యూజర్‌కు మాత్రమే ఇన్‌స్టాల్ చేసిన ఫాంట్లయితే యాప్‌డేటా లోపలి ఫాంట్స్ ఫోల్డర్‌లో ఉంటాయి. రెండు ఫోల్డర్లూ మొత్తంగా బయటికి తీయాలి. డబ్బు పెట్టి కొన్న ఫాంట్లయితే లైసెన్సు కాగితం, సీడీ కూడా వాటితో పాటే ఉంచాలి.

చదవడానికి ఫాంటు ఒక్కటి చాలు, అను కీబోర్డు ప్రోగ్రాము కొత్త విండోస్‌లో పనిచేయకపోయినా ఫరవాలేదు. ఫాంటు ఇన్‌స్టాల్ చేయగానే వర్డ్ ఫైలులో శుభలేఖ మళ్లీ తెలుగులోకి వస్తుంది. పేజ్‌మేకర్ ఫైళ్లకు అదనంగా పేజ్‌మేకరే కావాలి. 6.5 వెర్షన్‌వి పీ65 అనే తోకతో, 7వి పీఎండీ తోకతో ఉంటాయి. పేజీలు అమర్చే మరో ప్రోగ్రాము ఇన్‌డిజైన్, సీఎస్6 వెర్షన్ దాకా వీటిని తెరిచేది, ఆ తర్వాతి సీసీ వెర్షన్లు తెరవవు. ఉచితంగా దొరికే లిబ్రే‌ఆఫీస్ పేజ్‌మేకర్ ఫైళ్లను కొంతవరకు చదువుతుంది, మ్యాటర్ దక్కించుకోవడానికి అది పనికొస్తుంది, పేజీ అమరిక మాత్రం ఉన్నది ఉన్నట్టు రాదు. విండోస్ 11లో 64 బిట్ వెర్షన్ ఒక్కటే ఉంది, పాతకాలపు 16 బిట్ ఇన్‌స్టాలర్లు అందులో అసలు కదలవు. పాత పని ఎక్కువగా ఉన్న డీటీపీ సెంటర్లకు నమ్మకమైన దారి ఒకటే: కంప్యూటర్ లోపలే ఇంకో కంప్యూటర్‌ను నడిపే వర్చువల్‌బాక్స్ లాంటి దానిలో పాత విండోస్ పెట్టి, దానికి ఇంటర్నెట్ ఇవ్వకుండా, అందులో పేజ్‌మేకర్, అను రెండూ ఉంచుకోవడం.

పేజ్‌మేకర్ ఫైళ్లను కదిలించేటప్పుడు మరో జాగ్రత్త. అందులో పెట్టిన పెద్ద బొమ్మలు చాలావరకు ఫైలు లోపల ఉండవు, ఫలానా ఫోల్డర్‌లో ఉందని ఒక లింకు మాత్రమే ఉంటుంది. బొమ్మలన్నీ ఒక ఫోల్డర్‌లో, పేజీలన్నీ ఇంకో ఫోల్డర్‌లో అందంగా సర్దేస్తే ఆ లింకులన్నీ తెగుతాయి. తెరమీద మసక బొమ్మ కనిపిస్తూనే ఉంటుంది, ప్రింటుకు వెళ్లాక తెలుస్తుంది. ఇంకో వర్క్‌బుక్ నుంచి అంకెలు తెచ్చుకునే ఎక్సెల్ షీట్లదీ ఇదే కథ. ఒక పనికి సంబంధించినవన్నీ ఒకే ఫోల్డర్‌లో ఉంచాలి, రకాల వారీగా విడదీయకూడదు.

అన్నిటినీ యూనికోడ్‌లోకి మార్చేయాలన్న ఆత్రం అక్కర్లేదు. ముఖ్యమైన ఫైలుకు మూడు రూపాలు ఉంటే సరిపోతుంది. అసలు ఫైలు మార్పుల కోసం. పీడీఎఫ్ చూడటానికి: ఫాంటు అందులోనే ఇమిడిపోతుంది కాబట్టి ఏ కంప్యూటర్‌లోనైనా తెలుగు తెలుగులాగే కనిపిస్తుంది. విండోస్‌లోనే 'మైక్రోసాఫ్ట్ ప్రింట్ టు పీడీఎఫ్' ఉంది, ఖర్చు లేదు. మూడోది యూనికోడ్ ప్రతి, వెతకడానికీ కొత్తగా వాడటానికీ. మూడింటిలో పీడీఎఫ్ ముందు చేయాలి. ఫాంటు దొరికిన రోజే చేయాలి.

పాత ఫాంటు మ్యాటర్‌ను యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్ వాడేటప్పుడు తప్పు జరిగే చోట్లు తెలిసినవే. అను 6, అను 7 అమరికలు ఒకటి కావు, కన్వర్టర్‌లో సరైన వెర్షన్ ఎంచుకోకపోతే సగం అక్షరాలు తప్పుతాయి. రెండోది, మ్యాటర్‌ను కాపీ చేసి కన్వర్టర్ పెట్టెలో అతికించినప్పుడు ఫాంటు సమాచారం పోతుంది. మధ్యలో నిజంగానే ఇంగ్లిషు ఫాంటులో కొట్టిన మాటలు, ఈమెయిల్ చిరునామాలు, బ్రాకెట్లు కూడా అను గుర్తులనుకుని కన్వర్టర్ వాటిని తెలుగు ముక్కలుగా మార్చేస్తుంది. మార్చాక చదివి చూడాల్సింది ముఖ్యంగా వాటి చుట్టూనే. ఒక పుస్తకం మార్చితే ప్రూఫు దిద్దే మనిషి తప్పనిసరి.

యూనికోడ్ ఫైళ్లకు ఇంత బాధ లేదు గానీ చిన్న చిక్కు ఉంది. విండోస్ 8 నుంచి తెలుగుకు నిర్మలా యూఐ వచ్చింది. విండోస్ 10 తాజా ఇన్‌స్టాలేషన్ మొదలుకొని గౌతమి, వాణి ఫాంట్లు ముందుగా ఉండవు. గౌతమిలో కొట్టిన 40 పేజీల ఫైలు వేరే ఫాంటులో తెరుచుకుని పేజీలు జరిగిపోతాయి, విషయసూచికలో అంకెలు తప్పుతాయి. సెట్టింగ్స్‌లో ఆప్షనల్ ఫీచర్స్‌కు వెళ్లి 'తెలుగు సప్లిమెంటల్ ఫాంట్స్' జోడిస్తే సరిపోతుంది.

ఇప్పుడు సర్దడం

తెరుచుకుంటున్నాయని తేలాకే సర్దడం. ఇంటికి ఐదారు పెద్ద ఫోల్డర్లు చాలు: ఇల్లు-స్థలం, గుర్తింపు కార్డులు, బ్యాంకు-పన్నులు, చదువులు, ఫొటోలు, రాతలు. అంతకు మించి పెంచితే ఏది ఎందులో వేయాలో ఆలోచించడమే పెద్ద పనవుతుంది. స్కాన్0001 అన్న పేర్లను మాత్రం మార్చి తీరాలి. ముందు తేదీ, సంవత్సరం నెల రోజు వరుసలో, తర్వాత విషయం: '2020-10-12 ఎల్‌ఆర్‌ఎస్ రసీదు', '2014-06-05 సేల్ డీడ్ స్కాన్'. ఇలా పెడితే పేరు ప్రకారం పేర్చినా కాలక్రమంలోనే వస్తాయి. ఈ-ఆధార్ పీడీఎఫ్‌కు పాస్‌వర్డ్ పేరులోని మొదటి నాలుగు ఇంగ్లిషు పెద్దక్షరాలు, పుట్టిన సంవత్సరం. ఇలా పద్ధతి తెలిసినవి సరే, బ్యాంకు స్టేట్‌మెంట్లకు ఒక్కో బ్యాంకుది ఒక్కో తీరు. ఏ ఫైలుకు ఏ పద్ధతో ఒక నోటుపుస్తకంలో రాసుకోవాలి, ఫైలు పేరులో కాదు.

తెలుగులో ఫైలు పేర్లు పెట్టడం నిస్సంకోచంగా చేయవచ్చు. రెండు సంగతులు తెలిసి ఉండాలి. ఫైలు పేరు, అది ఉన్న ఫోల్డర్ల పేర్లు అన్నీ కలిపిన మొత్తం దారి పొడవు 260 అక్షరాలు మించితే చాలా ప్రోగ్రాములు ఫైలు తెరవలేవు, ఆ లెక్కలో తెలుగు అక్షరం ఒకటిగా లెక్కకు రాదు. 'లక్ష్మి' మన కంటికి రెండక్షరాలు. కంప్యూటర్‌కు ఏడు: ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి. పాత డ్రైవ్‌ను 'పాత కంప్యూటర్' అనే ఫోల్డర్‌లో, దాన్ని 'బ్యాకప్' అనే ఇంకో ఫోల్డర్‌లో పెడుతూ పోతే దారి పొడవు పెరిగి, నిన్నటిదాకా తెరుచుకున్న ఫైలు ఇవాళ మొరాయిస్తుంది. ఫోల్డర్‌ను డ్రైవ్ మొదటికి తెచ్చిపెడితే మళ్లీ తెరుచుకుంటుంది.

రెండోది కంటికి కనిపించనిది. 'సాఫ్ట్‌వేర్' అని రాయడానికి ఫ్ట్ తర్వాత వత్తు పడకుండా ఒక అదృశ్య అక్షరం వేస్తాం, జీరో విడ్త్ నాన్ జాయినర్. కొన్ని కీబోర్డులు పొల్లుతో ముగిసే మాట చివర కూడా దాన్ని వదిలేస్తాయి. అప్పుడు 'డాక్యుమెంట్' అనే పేరుతో రెండు ఫోల్డర్లు పక్కపక్కనే కూర్చుంటాయి. చూడటానికి ఒకటే, విండోస్‌కు మాత్రం రెండు వేర్వేరు పేర్లు. ఒకే పేరుతో రెండు ఉండవు కదా అని ఒకదాన్ని తీసేయబోయే ముందు రెండూ తెరిచి చూడాలి.

ఫొటోలకు కాపీ అయిన తేదీని కాకుండా 'డేట్ టేకెన్' ఆధారం చేసుకోవాలి. అది ఫొటో లోపలే ఉంటుంది, కాపీ చేసినా మారదు. వాట్సాప్‌లో వచ్చిన ఫొటోల్లో ఆ సమాచారం ఉండదు. వాటికి మిగిలిన ఒకే ఒక్క ఆధారం ఫైలు పేరులో ఉండే ఎనిమిదంకెల తేదీ. పేరు అందంగా లేదని దాన్ని మార్చేస్తే ఆ ఫొటో ఏ ఏడాదిదో చెప్పేది ఇక ఏదీ ఉండదు. పాత పెళ్లి వీసీడీలను డిస్క్‌లోకి ఎక్కించి ఉంటే 'ఎంపెగ్‌ఏవీ' అనే ఫోల్డర్‌లో డాట్ డ్యాట్ తోకతో ఒక పెద్ద ఫైలు ఉంటుంది. డబుల్ క్లిక్ చేస్తే తెరుచుకోదు కాబట్టి చెత్త అనుకుంటారు. వీఎల్‌సీ ప్లేయర్‌లో అది వీడియోగా నడుస్తుంది. డీవీడీల నుంచి తీసినవి ఒక్కోటి సుమారు 1 జీబీ ఉండే వీఓబీ ముక్కలుగా ఉంటాయి, వాటిని విడదీయకుండా ఒకే ఫోల్డర్‌లో ఉంచాలి.

డూప్లికేట్ల ఏరివేత చివర్లో, అదీ ఫొటోలు, వీడియోలు, పీడీఎఫ్‌ల వరకే. పేరు, సైజు ఒకటైతే చాలదు. డ్యూప్‌గురు లాంటి ప్రోగ్రాములు లోపలి సరుకును పోల్చి చూస్తాయి, ఆ పద్ధతే ఎంచుకోవాలి. టాలీ ఫోల్డర్ల మీద, పేజ్‌మేకర్ పని ఫోల్డర్ల మీద ఇలాంటివి నడపకూడదు. అక్కడ ఒకే ఫైలు రెండుచోట్ల ఉండటం అవసరమై ఉంటుంది.

పాత డిస్క్‌ను ఎక్స్ఛేంజికి ఇవ్వడానికీ, తుడిచి వేరే పనికి వాడటానికీ తొందరపడకూడదు. కనీసం ఏడాది తిరిగేదాకా ఉంచాలి. మన కాగితాల అవసరాలు చాలావరకు ఏడాదికోసారి వచ్చేవే. ఏప్రిల్‌లో జీహెచ్‌ఎంసీ ఆస్తిపన్ను రాయితీ సమయానికి పాత రసీదు, జూన్‌లో అడ్మిషన్‌కు టీసీ స్కాన్, జులైలో రిటర్న్స్ వేళ పోయినేటి లెక్కలు కావాల్సి వస్తాయి. ఏదైనా కాపీలో రాలేదని తెలిసేది అప్పుడే. ఆ ఏడాది గడిచాక ఇచ్చేసేటప్పుడు క్విక్ ఫార్మాట్ సరిపోదు, దానితో లోపలి సరుకు చెరగదు. క్విక్ టిక్ తీసేసి పూర్తి ఫార్మాట్ చేస్తే విండోస్ డిస్క్ అంతటా సున్నాలు రాస్తుంది. 1 టీబీ హార్డ్ డిస్క్‌కు యూఎస్‌బీ 3 మీద రెండు మూడు గంటలు పడుతుంది. ఆధార్ స్కాన్లు, సేల్ డీడ్లు ఉన్న డిస్క్ ఇంకొకరి చేతికి వెళ్లే ముందు ఆ రెండు మూడు గంటలు కేటాయించాలి.